టెక్సస్‌లో ప్రాపర్టీ టాక్స్ ప్రొటెస్ట్: మీ ఇంటికి మీరే ఎలా వేసుకోవాలి

ఏప్రిల్ వచ్చిందంటే చాలు, ఇదే ప్రశ్న. "అన్నా, అప్రైజల్ లెటర్ వచ్చింది. ఇంటి విలువ ఒకేసారి డెబ్బై వేలు పెంచేశారు. ఏం చేయాలి? ఏదైనా కంపెనీకి ఇచ్చేయనా?" ఫోన్ చేసిన ప్రతివాళ్లకీ విడివిడిగా చెప్పే బదులు అంతా ఒకచోట రాస్తున్నాను. ఇది టెక్సస్‌లో సొంత ఇల్లున్నవాళ్ల కోసం మాత్రమే. వేరే రాష్ట్రాల్లో గడువులు, పద్ధతులు వేరు.

ముందే ఒక మాట. ప్రొటెస్ట్ అంటే, ఇంటికి వేసిన విలువ సరికాదని అప్రైజల్ డిస్ట్రిక్ట్‌కు (పన్ను కోసం ఇళ్ల విలువ కట్టే స్థానిక ఆఫీసుకు) అభ్యంతరం చెప్పడం. అది వేయడానికి ఫీజు లేదు. దాని మీద జరిగే విచారణకు, అంటే హియరింగుకీ ఫీజు లేదు. వీసా స్టేటస్‌తో దీనికి సంబంధమే లేదు. ఇల్లు మీ పేరు మీద ఉంటే ఆ హక్కు మీదే. "ప్రొటెస్ట్ వేస్తే కోపమొచ్చి ఇంకా పెంచుతారేమో" అని చాలామంది ఆగిపోతారు. 2019లో చట్టం మార్చారు. అప్పటినుంచి, హియరింగు జరిపే రివ్యూ బోర్డు రికార్డులో ఉన్న విలువను దాటి పెంచడానికి వీల్లేదు. తగ్గుతుంది, లేదంటే ఉన్నచోటే ఉంటుంది.

నోటీసులో ముందు చూడాల్సింది

నోటీసులో రెండు విలువలుంటాయి. మార్కెట్ వాల్యూ అంటే జనవరి 1 నాటికి మీ ఇల్లు ఎంతకు అమ్ముడుపోతుందని వాళ్లు అనుకుంటున్నారో అది. అప్రైజ్డ్ వాల్యూ అంటే పన్ను లెక్కకు నిజంగా తీసుకునేది. మీరు నివసించే సొంత ఇంటికి ఇచ్చే పన్ను మినహాయింపును హోమ్‌స్టెడ్ అంటారు. అది ఉన్న ఇంటికి అప్రైజ్డ్ వాల్యూ ఏడాదికి 10 శాతానికి మించి పెరగకూడదు. ఈ పరిమితినే క్యాప్ అంటారు. కొత్తగా కట్టిన గది, స్విమ్మింగ్ పూల్ లాంటివి ఈ 10 శాతానికి బయట లెక్క.

ఈ తేడా తెలియకే సగం శ్రమ వృథా అవుతుంది. ఒక లెక్క చూడండి. నిరుడు మీ అప్రైజ్డ్ వాల్యూ 4,00,000 డాలర్లు. ఈసారి నోటీసులో మార్కెట్ వాల్యూ 5,20,000, అప్రైజ్డ్ వాల్యూ 4,40,000. మీరు పోరాడి మార్కెట్ వాల్యూని 4,90,000కి దించారనుకోండి. కాగితం మీద ముప్పై వేలు తగ్గింది. పన్నులో మాత్రం ఒక్క డాలరు కూడా తగ్గదు, ఎందుకంటే పన్ను పడేది 4,40,000 మీద. దాని కిందకు తేగలిగితేనే ఈ ఏడాది లాభం. ఈ రెండింటి మధ్య అంత దూరముంటే సెలవు పెట్టి హియరింగుకు వెళ్లనక్కర్లేదని నా అభిప్రాయం. ఆన్‌లైన్‌లో వేసి, ఏదైనా ఇస్తే తీసుకోండి.

దీనికి పూర్తిగా వ్యతిరేకం, కొత్తగా ఇల్లు కొన్నవాళ్ల పరిస్థితి. పాతవాళ్ల క్యాప్ మీకు రాదు. మీకు క్యాప్ మొదలయ్యేది హోమ్‌స్టెడ్‌కు అర్హత వచ్చిన మొదటి సంవత్సరం తరువాతి సంవత్సరం నుంచి. అంటే ఆ మొదటి సంవత్సరం ఖాయమైన విలువ మీదే తరువాతి పది శాతాలన్నీ పేరుకుంటూ పోతాయి. ఇల్లు కొన్న మొదటి నోటీసును మాత్రం వదిలేయకండి. జీవితంలో ఒక్కసారే ప్రొటెస్ట్ చేస్తాననుకుంటే ఆ ఒక్కసారి ఇదే కావాలి.

అద్దెకిచ్చిన రెండో ఇంటికి హోమ్‌స్టెడ్ రాదు. అయితే 2024 నుంచి 2026 దాకా, సుమారు 50 లక్షల డాలర్ల లోపు ఉన్న అలాంటి ఆస్తులకు 20 శాతం క్యాప్ పెట్టారు. అదీ సరిగ్గా వేశారో లేదో చూసుకోండి.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- అప్రైజల్ నోటీసు. అందులో అకౌంట్ నంబరు, ఆన్‌లైన్ పిన్ ఉంటాయి
- ఇల్లు ఈమధ్యే కొనుంటే క్లోజింగ్ కాగితాలు (కొనుగోలు పూర్తయినప్పుడు సంతకం చేసినవి)
- బిల్డర్ ఇచ్చిన ఫ్లోర్ ప్లాన్
- ఇంట్లో లోపాల ఫొటోలు, బాగుచేయడానికి కాంట్రాక్టర్ రాసిచ్చిన ఎస్టిమేట్లు
- మీ కమ్యూనిటీలో మీలాంటి ఐదారు ఇళ్ల వివరాలు. ఇవి అప్రైజల్ డిస్ట్రిక్ట్ వెబ్‌సైటులోనే ఉచితంగా దొరుకుతాయి
- ఒక శని, ఆదివారం

1. హోమ్‌స్టెడ్ ఉందో లేదో చూడండి

ప్రొటెస్ట్ కంటే ముందు ఇది. స్కూల్ టాక్సులో హోమ్‌స్టెడ్ మినహాయింపు 2023లో 40,000 నుంచి 1,00,000 డాలర్లకు, 2025 నుంచి 1,40,000కి పెరిగింది. ప్రొటెస్టులో ఎంత గొప్పగా వాదించినా ఇంత తగ్గడం కష్టం. అప్లికేషన్ ఫారం నంబరు 50-114. ఫీజు లేదు. "మీ హోమ్‌స్టెడ్ మేం ఫైల్ చేస్తాం, ఇంత చెల్లించండి" అని ప్రభుత్వ లెటర్‌లా కనిపించే కాగితాలు పోస్టులో వస్తుంటాయి, వాటికి డబ్బు కట్టకండి.

తిరస్కరణకు తరచూ కనిపించే కారణం ఒకటుంది: డ్రైవింగ్ లైసెన్సు మీద పాత అపార్ట్‌మెంట్ అడ్రసు ఉండిపోవడం. ముందు అది మార్చుకుని తరువాత ఫారం పంపండి. ఇన్నాళ్లూ అసలు వేయలేదా? రెండేళ్ల వెనక్కి కూడా అడగవచ్చు.

2. గడువు రాసుకోండి

మే 15, లేదా నోటీసు మీకు పంపిన రోజు నుంచి 30 రోజులు. రెండింటిలో ఏది తరువాత వస్తే అదే గడువు. నోటీసు మీదే తేదీ ముద్రించి ఉంటుంది. ఆఖరి రోజు రాత్రి దాకా ఆగకండి. ఆ రాత్రి అందరూ ఒకేసారి సైటు మీద పడతారు.

3. ప్రొటెస్ట్ వేయండి, రెండు కారణాలూ టిక్ చేయండి

దాదాపు పెద్ద కౌంటీలన్నిట్లో ఆన్‌లైన్‌లో వేయవచ్చు. కాకపోతే ఫారం 50-132 నింపి పోస్టులో పంపి రసీదు దాచుకోండి. కారణాలు అడిగే చోట "మార్కెట్ వాల్యూ తప్పు", "ఇతర ఇళ్లతో పోలిస్తే అసమానం" అనే రెండూ ఎంచుకోండి. మొదటిది, ఇల్లు అంత ధర పలకదని. రెండోది, పక్కవాళ్ల ఇళ్లకు తక్కువ వేసి నాకు ఎక్కువ వేశారని. రెండోది టిక్ చేయకపోతే తరువాత ఆ వాదన ఎత్తనివ్వకపోవచ్చు. ఇప్పుడే ఆధారాలన్నీ అప్‌లోడ్ చేయనక్కర్లేదు. ముందు ప్రొటెస్ట్ పడితే చాలు, గడువు మీ చేతిలో ఉన్నట్టే.

మీ అంచనా విలువ అడిగితే నోటికొచ్చిన అంకె వేయకండి. లెక్క ఇంకా తేలకపోతే, తప్పనిసరి కాని చోట ఖాళీగా వదిలేయండి.

4. వాళ్ల ఎవిడెన్స్ ప్యాకెట్ అడగండి

హియరింగులో అప్రైజర్ (డిస్ట్రిక్ట్ తరఫున విలువ కట్టేవారు) మీ ఇంటి గురించి ఏం చూపించబోతున్నారో ఆ కాగితాలన్నీ ముందే అడిగి తీసుకునే హక్కు మీకుంది. రాతపూర్వకంగా అడగండి, హియరింగుకు కనీసం 14 రోజుల ముందు ఇవ్వాలి. మీరు అడిగాక ఇవ్వకపోతే వాటిని హియరింగులో మీకు వ్యతిరేకంగా వాడకూడదు.

ఇది ఎందుకంత ముఖ్యమంటే, టెక్సస్‌లో అమ్మకం ధరలు బయటపెట్టాలన్న నియమం లేదు. మీకు తెలియని అమ్మకాల ధరలు ఆ ప్యాకెట్లో ఉంటాయి. అవి చూస్తే వాళ్లు పోల్చిన ఇళ్లు మీ ఇంటిలాంటివో కావో తెలుస్తుంది. చెరువు గట్టున ఉన్న ఇంటిని తెచ్చి, హైవే సౌండ్ వాల్ పక్కనున్న మీ ఇంటితో పోలిస్తే, మీ వాదన అక్కడే మొదలవుతుంది.

5. మీ ఇంటి రికార్డు లైను లైనూ చదవండి

అప్రైజల్ డిస్ట్రిక్ట్ వెబ్‌సైటులో మీ ఇంటి పేజీ తెరవండి. చదరపు అడుగులు, బాత్రూములు, పూల్, పాటియో, కట్టిన సంవత్సరం, అన్నీ సరిచూడండి. రెండంతస్తుల ఇళ్లలో ఒక తప్పు జరిగే వీలుంది. లివింగ్ రూమ్ పైన కప్పు దాకా ఖాళీగా వదిలే చోటు ఉంటుంది కదా, దాన్ని పై అంతస్తు గదిలా లెక్కవేసేస్తారు. మా స్నేహితుడి ఇంట్లో ఇలాగే జరిగింది. టేపు పట్టుకుని కొలిచాం. పద్దెనిమిది అడుగులకు పదిహేను, 270 చదరపు అడుగుల గాలి మీద పన్ను పడుతోంది. ఫ్లోర్ ప్లాన్‌లో ఆ భాగం చుట్టూ ఎర్ర గీత గీసి, కిందినుంచి పైకి తీసిన ఫొటో జతచేశాడు. హియరింగ్ దాకా వెళ్లకుండానే దిద్దారు.

కొత్తగా కట్టిన ఇల్లయితే ఇంకొకటి. విలువ చూసేది జనవరి 1 నాటికి. ఆరోజుకి గోడలు మాత్రమే లేచి ఉంటే పూర్తయిన ఇంటి విలువ వేయకూడదు, ఎంత శాతం పూర్తయిందో అంతే. బిల్డర్ నుంచి వచ్చిన మెయిళ్లు, మీరు ఆ రోజుల్లో సైటుకు వెళ్లి తీసుకున్న ఫొటోలు దీనికి పనికొస్తాయి.

6. మార్కెట్ వాల్యూ ఆధారాలు

జనవరి 1కి దగ్గరలో కొనుంటే మీ క్లోజింగ్ కాగితాన్ని మించిన ఆధారం లేదు. నోటీసు విలువ కంటే మీరు తక్కువకు కొనుంటే అది మొదటి పేజీగా పెట్టండి. బిల్డర్ క్లోజింగ్ ఖర్చులకో, వడ్డీ తగ్గించడానికో ఇచ్చిన ఇన్సెంటివ్ ఉంటే ఆ లైను కూడా చూపించండి.

నోటీసు విలువ కంటే ఎక్కువ పెట్టి కొన్నారా? అప్పుడు మార్కెట్ వాల్యూ వాదన వదిలేసి అసమానం అన్న దాని మీద నిలబడండి. కానీ ఎంతకు కొన్నారని సూటిగా అడిగితే నిజమే చెప్పండి. హియరింగులో ప్రమాణం చేసి మాట్లాడతారని మరిచిపోవద్దు.

పాత ఇల్లయితే తెలిసిన రియల్టర్‌ని అడిగి మీ సబ్‌డివిజన్‌లో జనవరి 1కి అటూఇటూ కొన్ని నెలల్లో అమ్ముడైన ఇళ్ల జాబితా తీసుకోండి. ఇళ్ల వెబ్‌సైట్లలో కనిపించే కంప్యూటర్ అంచనాలు ప్రింట్ తీసుకెళ్లకండి. వాటిని బోర్డు లెక్కలోకి తీసుకోదు.

లోపాలుంటే ఫొటోతో పాటు ఎస్టిమేట్ తప్పనిసరి. ఇక్కడి బంకమట్టి నేల ఎండకు ముడుచుకుని వానకు ఉబ్బుతుంది, అందుకే ఫౌండేషన్ సమస్యలు ఎక్కువ. గోడలో పగులు ఫొటో చూపిస్తే "మామూలే" అంటారు. అదే ఫొటో పక్కన ఫౌండేషన్ కంపెనీ లెటర్‌హెడ్ మీద 14,000 డాలర్ల ఎస్టిమేట్ ఉంటే తీసివేతకు ఒక అంకె దొరుకుతుంది.

7. అసమానం లెక్క

నన్నడిగితే మామూలు సబ్‌డివిజన్ ఇంటికి ఎక్కువగా పనిచేసేది ఇదే. అమ్మకం ధరలతో పని లేదు, కావాల్సినవన్నీ వెబ్‌సైటులో ఉన్నాయి.

మీ వీధిలో, పక్క వీధుల్లో అదే బిల్డర్, దాదాపు అదే వయసు, అదే సైజు ఉన్న ఐదు ఇళ్లు ఎంచుకోండి. ఒక్కోదాని మార్కెట్ వాల్యూని చదరపు అడుగులతో భాగించండి. మీ ఇల్లు 3,000 చదరపు అడుగులు, విలువ 6,00,000 అయితే అడుగుకి 200 డాలర్లు. మిగతా ఐదూ 185, 187, 188, 191, 194 వచ్చాయనుకుందాం. చట్టం చూసేది సగటు కాదు, మధ్యలో ఉన్న అంకె. ఇక్కడ 188. దాన్ని 3,000తో గుణిస్తే 5,64,000. మీరు అడగాల్సిన విలువ అదే. మీ మొత్తం పన్ను రేటు 2 శాతం అయితే 36,000 తగ్గింపుకి ఏడాదికి 720 డాలర్లు.

ఇక్కడ మూడు చోట్ల పొరపాటు పడతారు. ఒకటి, పక్కింటివాళ్ల అప్రైజ్డ్ వాల్యూ తీసుకోవడం. అది వాళ్ల క్యాప్ వల్ల తక్కువగా ఉంటుంది. పోల్చాల్సింది మార్కెట్ వాల్యూతో మార్కెట్ వాల్యూ. రెండోది, సైజు తేడాని పట్టించుకోకపోవడం. చిన్న ఇంటికి అడుగు ధర సహజంగానే ఎక్కువ, పెద్ద ఇంటికి తక్కువ. 4,200 అడుగుల ఇంటిని తెచ్చి మీ 3,000 అడుగుల ఇంటితో పోలిస్తే అప్రైజర్ ఒక్క మాటతో కొట్టేస్తారు. మూడోది, తక్కువ విలువ ఉన్న ఇళ్లనే ఏరి, మధ్యలో ఉన్న మీలాంటి ఇంటిని దాటేయడం. పూల్ ఉన్న ఇంటిని వాడితే పూల్ విలువ తీసేయండి. ఆ విలువ కూడా వెబ్‌సైటులో విడిగా రాసి ఉంటుంది.

8. ఇన్ఫార్మల్: ముందు అప్రైజర్‌తో మాట్లాడండి

చాలా కేసులు ఇక్కడే తేలిపోతాయి. కొన్ని కౌంటీల్లో ఆన్‌లైన్‌లోనే ఆఫర్ వస్తుంది. హారిస్ కౌంటీలో దాన్ని ఐసెటిల్ అంటారు. మిగతా చోట్ల ఫోన్‌లోనో, ఆఫీసులోనో మాట్లాడతారు. మర్యాదగా, ముందు అంకె చెప్పి, తరువాత ఆధారం చెప్పండి: "మా వీధిలో ఐదు ఇళ్ల మధ్య విలువ 188, నాది 200. 5,64,000 అయితే నాకు సమ్మతం."

ఆఫర్ వచ్చాక వెంటనే ఒప్పుకోకండి. ఒప్పుకుని సంతకం చేస్తే, లేదా ఆన్‌లైన్‌లో నొక్కేస్తే, ఆ ఏడాదికి కేసు ముగిసినట్టే. బోర్డు దగ్గరకు వెళ్లలేరు. మీ లెక్కకు పదివేల దూరంలో ఉంటే తీసుకోమనే చెబుతాను. మిగిలే రెండు వందల డాలర్ల కోసం ఒక రోజు టెన్షన్ అనవసరం. లెక్కకు బాగా దూరమైతే "థాంక్యూ, నేను బోర్డుకి వెళ్తాను" అనండి.

9. ఏఆర్‌బీ హియరింగ్

అప్రైజల్ రివ్యూ బోర్డు (ఏఆర్‌బీ) అంటే మీలాంటి స్థానికులే, అప్రైజల్ డిస్ట్రిక్ట్ ఉద్యోగులు కారు. నేరుగా వెళ్లవచ్చు, ఫోన్ లేదా వీడియోలో హాజరు కావచ్చు. ఫోన్, వీడియో కావాలంటే కనీసం 10 రోజుల ముందు రాతపూర్వకంగా చెప్పాలి, ఆధారాలను అఫిడవిట్‌తో పంపాలి. తేదీ కుదరకపోతే, ఏజెంట్‌ని పెట్టుకోనివాళ్లు కారణం చెప్పకుండానే ఒకసారి వాయిదా అడగవచ్చు. ఇండియా ప్రయాణం ఉన్నవాళ్లు ఇది గుర్తుంచుకోండి.

కాగితాలు నాలుగైదు సెట్లు ప్రింట్ తీయండి. ఎన్ని కావాలో, ఫైలు ఏ రూపంలో తీసుకుంటారో హియరింగ్ నోటీసుతో వచ్చిన సూచనల్లో ఉంటుంది. ఫోన్ తెరిచి ఫొటోలు చూపిద్దామనుకుంటే కుదరదు, వాళ్లు ప్రతి ఆధారాన్నీ రికార్డులో ఉంచుకోవాలి.

గదిలో జరిగేది ఇంతే. ప్రమాణం చేయిస్తారు. మీ దృష్టిలో విలువ ఎంత అని అడుగుతారు. మీరు చెబుతారు, అప్రైజర్ చెబుతారు, మీకు జవాబిచ్చే అవకాశం వస్తుంది, ఆ తరువాత అక్కడే నిర్ణయం చదువుతారు. మీకు దొరికేది కొద్ది నిమిషాలే. నా మొదటి హియరింగులో నేను ఆ నిమిషాల్లో సగం "రేట్లు ఎక్కువ, జీతాలు పెరగలేదు, పన్ను భరించలేకపోతున్నాం" అని చెప్పడానికి వాడేశాను. బోర్డు ఛైర్మన్ ఓపిగ్గా విని, "రేటు మా చేతిలో లేదు, విలువ గురించి చెప్పండి" అన్నారు. రేటు నిర్ణయించేది సిటీ, కౌంటీ, స్కూల్ డిస్ట్రిక్ట్. కాబట్టి పన్ను అన్న మాటే ఎత్తకండి. మొదటి వాక్యంలో మీ అంకె, తరువాత మూడు కారణాలు, చివర మళ్లీ అదే అంకె. ఇంట్లో గడియారం పెట్టుకుని రెండుసార్లు చదువుకుని వెళ్లండి.

10. అక్కడా కుదరకపోతే

బోర్డు ఆర్డరు అందిన 60 రోజుల్లో బైండింగ్ ఆర్బిట్రేషన్‌కు, అంటే మధ్యవర్తి తీర్పుకు ఇరుపక్షాలూ కట్టుబడే పద్ధతికి వెళ్లవచ్చు. 5,00,000 డాలర్లు, అంతకు తక్కువ విలువున్న హోమ్‌స్టెడ్ ఇంటికి డిపాజిట్ 450. ఆర్బిట్రేటర్ తేల్చిన విలువ మీరు చెప్పినదానికి దగ్గరగా ఉంటే 50 డాలర్లు మినహాయించుకుని తిరిగి ఇస్తారు. లేకపోతే డిపాజిట్ పోతుంది. అందుకే తేడా పెద్దదైనప్పుడే ఇది. కోర్టు దారి కూడా ఉంది కానీ మామూలు ఇంటికి లాయర్ ఖర్చు గిట్టుబాటు కాదు. ఏ దారిలో ఉన్నా వివాదం లేని పన్నును ఫిబ్రవరి 1 లోపు కట్టేయాలి, లేకపోతే కేసే పోతుంది.

కంపెనీకి ఇవ్వాలనుకుంటే

తప్పేం లేదు. టైమ్ లేనివాళ్లకు అదే మేలు. సంతకానికి ముందు మూడు విషయాలు చూడండి: వాళ్ల వాటాను లెక్కవేసేది నిజంగా తగ్గిన పన్ను మీదా, మార్కెట్ వాల్యూ తగ్గింపు మీదా, ఒప్పందం ఏటా దానంతటదే కొనసాగుతుందా, రాష్ట్ర లైసెన్సింగ్ శాఖ టీడీఎల్‌ఆర్ దగ్గర రిజిస్ట్రేషన్ ఉందా. మార్కెట్ వాల్యూ మీద వాటా అయితే, పైన చెప్పిన క్యాప్ లెక్కలో మీకు డాలరు కూడా మిగలకపోయినా వాళ్లకు బిల్లు కట్టాలి.

గడువు దాటిపోయిందా?

హోమ్‌స్టెడ్ ఇంటికి అసలు విలువ కంటే నాలుగో వంతుకు మించి ఎక్కువ వేసుంటే (ఇతర ఆస్తులకు మూడో వంతు), ఫిబ్రవరి 1 లోపు దిద్దమని మోషన్ వేయవచ్చు. గెలిచినా 10 శాతం పెనాల్టీ ఉంటుంది. నోటీసే రాలేదంటే దానికి వేరే ప్రొటెస్ట్ ఉంది, ఆఫీసుకు ఫోన్ చేసి అడగండి.

తగ్గిందని ఎలా సరిచూసుకోవాలి

ఆర్డరు వచ్చిన రెండు మూడు వారాలకు వెబ్‌సైటులో మీ పేజీ తెరిచి కొత్త విలువ ఎక్కిందో లేదో చూడండి, ప్రింట్ తీసి ఆర్డరుతో కలిపి పెట్టండి. అక్టోబరు, నవంబరు ప్రాంతంలో బిల్లు వస్తుంది. అందులో అప్రైజ్డ్ వాల్యూ, స్కూల్ దగ్గర హోమ్‌స్టెడ్ మినహాయింపు రెండూ మీ కాగితంతో సరిపోవాలి. బిల్లు జనవరి 31 లోపు కట్టాలి.

పన్ను ఎస్క్రో నుంచి, అంటే లోన్ కంపెనీ నెల కిస్తీతో కలిపి వసూలు చేసి ఉంచే ఖాతా నుంచి వెళ్తుంటే చాలామంది ఇక్కడే ఆగిపోతారు. విలువ తగ్గినా నెల కిస్తీ దానంతటదే వెంటనే తగ్గదు. బిల్లు కాపీ జతచేసి, ఎస్క్రో మళ్లీ లెక్కకట్టమని లోన్ కంపెనీకి మీరే మెసేజ్ పెట్టండి. కొత్త కిస్తీ ఎంతో వాళ్లు రాతలో పంపేదాకా అడుగుతూనే ఉండండి.